సైటు మనిషీ, సంఘం మనిషీ: పూర్తికాల సేవకు రావాలనుకున్న ఒక కాంట్రాక్టరు కేసు

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చే క్రైస్తవ విశ్వాసుల దగ్గర, ముఖ్యంగా నలభై దాటిన మగవాళ్ళ దగ్గర, "పని మానేసి సేవలోకి వచ్చేస్తాను అయ్యగారూ" అనే మాట తరచుగా వింటాను. కొందరి విషయంలో అది నిజంగా దేవుని పిలుపే. కొందరి విషయంలో మాత్రం ఇంకేదో బాధకి పెట్టుకున్న మర్యాదైన పేరు. ఏది ఏదో తేల్చుకోవడంలో ఎంత ఓపిక పట్టాలో ఈ కేసు చూపిస్తుందని రాస్తున్నాను. ఆయనా ఆయన భార్యా ఒప్పుకున్నాకే రాశాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, డబ్బు మొత్తాలు వదిలేశాను.

నేపథ్యం

ఆయన దక్షిణ కోస్తాలో ఒక మాదిరి పట్టణంలో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. యాభైకి దగ్గర్లో ఉన్నాడు. తండ్రి తాపీ మేస్త్రి. ఆయనా చిన్న వయసులోనే తాపీ పట్టి, మెల్లగా సొంత సెంట్రింగ్ సామాను, ఒక కాంక్రీటు మిల్లరు సమకూర్చుకుని, మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగు లెక్కన ఇళ్ళు ఒప్పుకునే దాకా ఎదిగాడు. ముత్తాతల కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం. సంఘంలో డీకను (పరిచారకుడు), కోశాధికారి కూడా. బుధవారం గృహకూటాల్లో వాక్యం చెప్తాడు, బాగా చెప్తాడని పేరుంది.

2019లో ఇసుక దొరక్క ఎక్కడి పనులు అక్కడ ఆగిపోయిన నెలలు ఈ రంగంలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. అప్పటికి ఆయన చేతిలో సగంలో ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. పని సాగితేనే యజమాని తర్వాతి వాయిదా ఇస్తాడు. ఇసుక ఉంటేనే పని సాగుతుంది. ఊపిరి తీసుకునేలోపు 2020 లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆ కాలంలో ఆయన నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అప్పులు తెచ్చాడు. పాత పనుల కూలి బాకీలు తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాడు. ఆ రోజుల్లోనే సంఘం కొత్త మందిరం స్లాబుకి పెద్ద కానుక ఒప్పుకుని, ఎక్కువ భాగం కట్టేశాడు కూడా. ఈ చివరి సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన దాచలేదు. కూలి బాకీకీ స్లాబు కానుకకీ సంబంధం ఉందని ఆయనకి తోచలేదు, అంతే.

ఏ సమస్యతో వచ్చాడు

భార్యతో కలిసి వచ్చాడు. కూర్చోగానే విషయం చెప్పాడు. దేవుడు తనని పూర్తికాల సేవకు పిలుస్తున్నాడు, కాంట్రాక్టులు వదిలేస్తాడు, సామాను అమ్మేసి ఒక పల్లెలో మందిరం కడతాడు. నేను ప్రార్థన చేసి, ఇది దేవుని చిత్తమేనని చెప్పాలి. అప్పటికే ఒక ప్రార్థనా మందిరంలో మూడు రోజుల ఉపవాసం ఉన్నాడు. అక్కడి సువార్తికుడు "పిలుపు ఉంది, శత్రువు అడ్డుకుంటున్నాడు" అని చెప్పాడు.

ఆయన మాట్లాడినంతసేపూ భార్య నోరు విప్పలేదు. ఆయన ఫోను కోసం బయటికి వెళ్ళినప్పుడు మాత్రం ఒక్క మాట అంది: "ఆదివారం గుడికెళ్ళే మనిషి వేరండీ, సోమవారం సైటుకెళ్ళే మనిషి వేరు. నేను ఇద్దరితో కాపురం చేస్తున్నాను." ఆ ఫోను సంగతి కూడా ఆమే చెప్పింది. ఆయనకి రెండు ఫోన్లు. ఒకదాంట్లో సంఘం వాళ్ళు, బంధువులు ఉంటారు. రెండోదాంట్లో మేస్త్రీలు, ఐరన్ షాపు, అప్పులవాళ్ళు. ఆదివారం రెండో ఫోను స్విచ్చాఫ్.

నిద్ర పట్టడం లేదు. అర్ధరాత్రి గుండె దడతో లేస్తున్నాడు. ఈసీజీ బాగానే ఉందని డాక్టరు చెప్పాడట. ఇలాంటి చోట పిలుపు గురించిన చర్చలోకి వెంటనే దిగకూడదని నా పద్ధతి. ముందు మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో చూడాలి. అందుకే చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుందా అని సూటిగా అడిగాను. కాసేపు ఆగి, "చేసుకోను గానీ అయ్యగారూ, స్లాబు అంచున నిలబడినప్పుడు కాలు జారితే బాగుండు అనిపిస్తుంది" అన్నాడు. ఎత్తుల మీద పనిచేసే వృత్తిలో ఉన్న మనిషి నోట ఆ మాట వింటే తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఆయన అనుమతితో భార్యకి చెప్పాను. పిలుపు విషయం ఎటూ తేలకముందే మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను.

ఆయన ఎదురు తిరిగాడు. విశ్వాసికి పిచ్చి డాక్టరు ఎందుకన్నాడు. బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకి దేవుడు ముందు ఏమిచ్చాడో చదవమన్నాను. ఉపదేశం తర్వాత వచ్చింది. మొదట నిద్ర, రొట్టె, నీళ్ళు, మళ్ళీ నిద్ర. వాక్యం మీద వాదించే మనిషికి వాక్యంతోనే చెప్పాలి. వెళ్ళాడు. డాక్టరు కొన్ని నెలలకి మందులు రాశాడు. రక్తపరీక్షలో షుగరు కూడా బయటపడింది. ఆ దడలో, నీరసంలో కొంత వాటా దానిదేనేమో, ఆత్మీయ పోరాటం అని అందరం ముద్ర వేస్తున్న దాంట్లో.

ముందు ప్రయత్నించినవి

ఆయన సొంతంగా చేసినవన్నీ ఒకే దారిలో ఉన్నాయి: భక్తి పెంచడం. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ ఒంటిపూట. తెల్లవారుజామున నాలుగింటికి మోకాళ్ళ ప్రార్థన. ఆదాయంలో పదో వంతు ఇచ్చే దశమభాగానికి పైన ఇంకొంత. ప్రతిదీ నాలుగైదు రోజులు హాయినిచ్చి, మళ్ళీ సైటులో ఏదో గొడవతో ఆవిరైపోయేది. ఆవిరైనప్పుడల్లా "నా భక్తి చాలడం లేదు" అనుకుని ఇంకో మెట్టు పెంచేవాడు. ఆ వరసలో చిట్టచివరి మెట్టే పూర్తికాల సేవ.

నా దగ్గర మొదలుపెట్టినప్పుడు నేను కూడా ప్రార్థననే పట్టుకున్నాను, వేరే ఉద్దేశంతో. భార్యాభర్తలిద్దరూ రాత్రి కలిసి, క్లుప్తంగా, ఆ రోజు జరిగినవాటి గురించే ప్రార్థించాలని కోరాను. రోజుని ప్రార్థనలోకి తేవాలన్నది ఆలోచన. అది సాగలేదు. ఆయన ప్రార్థన మొదలుపెడితే కూటంలో చేసినట్టే ఉండేది: దేశం కోసం, సేవకుల కోసం, రోగుల కోసం. భార్య ఆమేన్ అని పడుకునేది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టిన మాటల్లోనూ అదే జరిగింది. ఏ ప్రశ్నకైనా ఆయన జవాబు సాక్ష్యం రూపంలో వచ్చేది. తప్పు, పశ్చాత్తాపం, దేవుని కృప, స్తోత్రం. నాలుగు నిమిషాల్లో పూర్తి. ఆ మాటల్లో అబద్ధం లేదు గానీ, అవి ఆయన్ని ఎక్కడా తాకడం లేదు. భక్తి భాష బాగా వచ్చినవాళ్ళతో వచ్చే ఇబ్బంది ఇదే. మనం అడగబోయే ప్రశ్నకి సరైన జవాబు వాళ్ళకి ముందే తెలుసు.

అందుకని ఆ భాష పనికిరాని చోటుకి మాటని మళ్ళించాలనుకున్నాను. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఏ గంటకి ఏం చేశాడో, దేవుని మాట ఎత్తకుండా, కాయితం మీద రాయమన్నాను. నాలుగు నుంచి ఏడు దాకా వివరంగా ఉంది: ప్రార్థన, ఏ అధ్యాయం చదివాడు, ఏ పాట పాడాడు. సాయంత్రం ఆరున్నర నుంచి మళ్ళీ వివరంగా ఉంది: ఏ ఇంట్లో కూటం, ఎవరు వచ్చారు. మధ్యలో పదకొండున్నర గంటలకీ కలిపి ఒకే ఒక్క మాట రాశాడు. "సైటు."

అప్పటిదాకా నాకున్నది అనుమానమే. ఆ కాయితంతో అది బలపడింది. పిలుపు నిజమైనదైతే అది మనిషిని దేనివైపో లాగుతుంది. ఈయనలో లాగడం కంటే పారిపోవడం ఎక్కువ కనిపిస్తోంది. ఏ పల్లె, ఎవరి మధ్య, ఎందుకు అని అడిగితే వివరం లేదు. సైటు ఎందుకు వదలాలి అంటే మాత్రం గొంతు మారుతోంది. అయినా ఆ మాట ఆయనకి చెప్పలేదు. "మీది పిలుపు కాదు, పలాయనం" అని కౌన్సెలరు తేల్చేస్తే, ఆయనకి ఇంకో సువార్తికుణ్ణి వెతుక్కోవడం ఒక పూట పని. ఆయనే చూడాలి.

లెక్కల పుస్తకం

వచ్చేసారి బట్వాడా పుస్తకం తెమ్మన్నాను. వారం వారం ఎవరికి ఎన్ని రోజులు పడ్డాయి, ఎంత అడ్వాన్సు, ఎంత చెల్లింపు అని రాసుకునే పొడుగు పుస్తకం. ఆయన ముఖం చిట్లించాడు. "అది కూలీల లెక్కండీ. దానికీ మనం మాట్లాడేదానికీ ఏంటి సంబంధం?"

ఈ కేసు మొత్తానికి నాకు కావలసిన రోగ నిర్ధారణ ఆ ప్రశ్నలోనే ఉంది. సంబంధం లేదని ఆయన నిజంగా నమ్ముతున్నాడు. అది ఆయన ఒక్కడి నమ్మకం కూడా కాదు. మన సంఘాల్లో వేదిక మీద చేసేది "దేవుని పని", మిగిలింది "లోకంలో పని". ఒక నర్సు ఆదివారం డ్యూటీ పడితే "ఆరాధన మానేసింది" అంటాం. ఒక టీచరు సండే స్కూల్లో చెప్తే సేవ, సోమవారం అదే పిల్లలకి లెక్కలు చెప్తే జీతం. ఇలా పెరిగిన మనిషికి రెండు ఫోన్లు ఉండటంలో ఆశ్చర్యం ఏముంది?

పుస్తకం తెచ్చాడు. నేను పేజీలు తిప్పమన్నాను, ఏమీ అడగలేదు. చివరి కాలమ్‌లో "బాకీ" అని ఎర్రసిరాతో ఉన్న పేర్లు ఆయనే చదివాడు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ వాళ్ళు. కొందరు ఊళ్ళో ఆడకూలీలు. ఒక పేరు దగ్గర ఆగిపోయాడు. తనతో ఏళ్ళ తరబడి పనిచేసిన మేస్త్రి. లాక్‌డౌన్ తర్వాత బాకీ అడగడానికి వచ్చి, ఈయన "ప్రార్థన చేస్తున్నాను, దేవుడు దారి చూపిస్తాడు" అంటే, "ప్రార్థన మీరు చేసుకోండి బాబూ, నా డబ్బు నాకిప్పించండి" అని వెళ్ళిపోయాడట. మళ్ళీ రాలేదు.

తర్వాత ఆదివారాల సంగతి బయటికొచ్చింది. బట్వాడా శనివారం సాయంత్రం ఇవ్వాలి. చేతిలో డబ్బు లేనప్పుడు రేపు రమ్మనేవాడు. ఆదివారం పొద్దున కూలీలు గేటు దగ్గర నిలబడేవాళ్ళు. ఈయన తెల్లచొక్కా వేసుకుని, బైబిలు పట్టుకుని, వెనక సందులోంచి మందిరానికి వెళ్ళేవాడు. చాలా వారాలు. భార్య గేటు దగ్గర వాళ్ళకి సమాధానం చెప్పుకునేది. "ఇద్దరితో కాపురం" అని ఆమె అన్నది దీని గురించే.

అప్పుడు లేవీయకాండం 19వ అధ్యాయం కలిసి చదివాం. ఆయనకి అందులో కొన్ని వచనాలు నోటికి వచ్చు. మొత్తం అధ్యాయంగా చదవడం ఇదే మొదటిసారన్నాడు. "పరిశుద్ధులై యుండవలెను" అని మొదలయ్యే ఆ అధ్యాయంలో విశ్రాంతి దినం ఉంది, విగ్రహాల సంగతి ఉంది, పొలంలో పేదల కోసం వదలాల్సిన పరిగె ఉంది, కూలివాడి కూలి మరుసటి రోజు దాకా దగ్గర ఉంచుకోకూడదన్న మాట ఉంది, పొరుగువాణ్ణి ప్రేమించాలన్న ఆజ్ఞ ఉంది, తూనికలూ కొలతలూ ఉన్నాయి. అన్నీ ఒకే ఊపులో. ఇది గుడి సంగతి, ఇది బజారు సంగతి అని మధ్యలో గీత ఎక్కడా లేదు. నేను వ్యాఖ్యానం చెప్పలేదు. పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది.

ఇంకో విషయం ఆయన మీద ఊహించని పని చేసింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు ఇళ్ళలో పిల్లలకీ తెలుసు. తన ముత్తాతల తరం విశ్వాసం అక్కడిదేనని ఆయన గర్వంగా చెప్పుకుంటాడు. దానికి ముందు జరిగినది మాత్రం ఆయన వినలేదు. 1876-78 కరువులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు భాగాన్ని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఇండియా రాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు కాబట్టి ఆ పని తెలుసు. ఆకలితో ఉన్నవాళ్ళకి పని, చేసిన పనికి కూలి. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. కరువు పని సాగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదని.

"అంటే మన సంఘం ఒక కాంట్రాక్టుతో మొదలైందా?" అన్నాడు. చరిత్ర అంత సూటిగా ఉండదు, ఆ ప్రాంతంలో మిషన్ పని అంతకు పదేళ్ళ ముందే మొదలైంది. ఆ దిద్దుబాటు చెప్పాను. అయినా ఆయనకి అందాల్సింది అందింది. బట్వాడా ఇచ్చే చెయ్యీ వాక్యం చెప్పే నోరూ ఒకే మనిషివిగా ఉండటం కొత్త సంగతి కాదు, తన ఇంటి సంగతే.

ఎవరికి ముందు, ఎక్కడి నుంచి

బాకీలు తీర్చాలన్నది ఆయనే అన్నాడు. ఎలా అన్నదగ్గర మా ఇద్దరికీ ఎక్కువ సమయం పట్టింది. పశ్చాత్తాపం వేగంగా వచ్చినప్పుడు దాని ఖర్చు పక్కవాళ్ళ మీద పడుతుంది, అక్కడ కౌన్సెలరు బ్రేకు వేయాలి.

ఆయన మొదటి ఆలోచన భార్య పేరున ఉన్న స్థలం అమ్మడం. కూతురి పెళ్ళికని కొన్నది. ఆమె ఒప్పుకోలేదు. "దేవుని కోసం త్యాగం చేయలేవా" అని ఆయన అన్నాడని తెలిసి, ఆ మాట మీద ఒక పూర్తి సమావేశం గడిపాం. గేటు దగ్గర ఇన్నాళ్ళూ కూలీలకి జవాబు చెప్పింది ఆమె. ఇప్పుడు తీర్చేదీ ఆమె ఆస్తితోనే అయితే, ఆయన చెల్లించింది ఏముంది? బైబిల్లో సుంకరి జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నది తన సొమ్ములోంచి. ఆ స్థలం ముట్టుకోకుండా ఉండిపోయింది. చివరికి కారు, సెంట్రింగ్ సామానులో సగం అమ్మాడు.

రెండో చిక్కు వరసది. వడ్డీ పెరుగుతున్న అప్పు ముందు తీర్చాలని లెక్క చెప్తుంది. కూలి బాకీకి వడ్డీ లేదు. వ్యాపారంగా చూస్తే ఆయన వాదన సరైనదే, దాన్ని నేను తోసెయ్యలేదు. ఒక్కటే అడిగాను: కూలి అందని మనిషి ఆ నెలల్లో ఇల్లు ఎలా నడిపి ఉంటాడు? వాళ్ళూ అప్పే తెచ్చి ఉంటారు. అంటే వడ్డీ ఉంది, ఆయన పుస్తకంలో కాకుండా వాళ్ళ పుస్తకంలో ఉంది. చిన్న బాకీలన్నీ ముందు, తర్వాత పెద్దవి, అప్పులవాళ్ళతో మాట్లాడి వాయిదాలు అని ఆయనే తేల్చుకున్నాడు.

మూడోది అన్నిటికంటే కష్టమైంది. మందిరం స్లాబుకి ఒప్పుకున్న కానుకలో మిగిలిన భాగం. సంఘ పెద్దలకి ఆ మొత్తం ఇప్పుడు ఇవ్వలేనని, ఎందుకివ్వలేడో కూడా చెప్పాలి. దేవునికి మొక్కుకున్నది ఆపకూడదని ఒక పెద్ద గట్టిగా అన్నాడు. దానికి ఈయన మత్తయి 5వ అధ్యాయం చూపించాడట: బలిపీఠం దగ్గర అర్పణ పెట్టి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమన్న మాట. ఆ మాట ఆయనకి నేను ఇవ్వలేదు, తనే వెతుక్కున్నాడు. సంఘం సంతోషించలేదు. కొందరు ఇప్పటికీ ముభావంగా ఉన్నారు. కోశాధికారి పదవి వదులుకున్నాడు. శిలాఫలకం మీద దాతల వరసలో ఆయన పేరు అలాగే ఉంది. తీసేయించాలని ఆయన కొన్నాళ్ళు పట్టుబట్టాడు. అదీ ఒక రకమైన ప్రదర్శనే అవుతుందని వద్దన్నాను.

ఆయన సంఘ కాపరి (పాస్టరు) మంచి మనసుతోనే, ఒక ఆదివారం సాక్ష్యం చెప్పమన్నాడు. దాన్నీ వాయిదా వేయించాను. కారణాలు రెండు. సాక్ష్యంలో ఆ కూలీలు ఆయన కథలో పాత్రలైపోతారు, వాళ్ళని ఎవరూ అడగలేదు. పైగా ఎలాగో ఆదివారం దాటి బయటికొచ్చిన విషయం మళ్ళీ ఆదివారానికే వెళ్ళిపోతుంది.

పనిచేసినవి

పెద్ద మలుపంటూ చెప్పడానికి లేదు. కొన్ని చిన్న ఏర్పాట్లు, ఎక్కువకాలం నిలిచినవి.

శనివారం అయిదింటికి బట్వాడా. డబ్బు చాలకపోతే అందరికీ సమానంగా తక్కువ ఇచ్చి, ఎంత మిగిలిందో ఎప్పుడిస్తాడో ఆయనే నిలబడి చెప్పడం, భార్యని ముందుకి తోయకుండా. ఇది తేలికగా వినిపిస్తుంది గానీ, మొదటి శనివారానికి ఆయన చేతులు వణికాయని చెప్పాడు. ఎప్పుడూ వాక్యం చెప్పడానికి లేచినప్పుడు వణకని చేతులు.

ఒకే ఫోను. ఆదివారం మధ్యాహ్నం దాకా మోగదు, తర్వాత మోగుతుంది. విశ్రాంతి దినం కావాలి, కానీ అది దాక్కునే చోటు కాకూడదు. ఈ తేడా ఆయనతో చాలాసార్లు మాట్లాడాను.

నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో తన దగ్గర పనిచేసేవాళ్ళని నమోదు చేయించాడు. అప్పటికి అమల్లో ఉన్న 1996 చట్టం ప్రకారం పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో తొంభై రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు అర్హులు. ఆ తొంభై రోజుల పనికి యజమాని సంతకం కావాలంటే గతంలో తప్పించుకునేవాడు, బాధ్యత నెత్తిన పడుతుందని. ఇప్పుడు ఆధార్ కాపీలు తనే పోగుచేశాడు. నమోదుల పనిని ఒకరోజు "ఇదీ సేవేనా అండీ?" అని నవ్వుతూ అడిగాడు. జవాబు చెప్పలేదు, ఆయనకి తెలుసు.

సైటులో పొద్దున పని మొదలయ్యే ముందు ప్రార్థన పెట్టాలనుకున్నాడు, అందరూ చుట్టూ నిలబడి. ఇక్కడ కాస్త గట్టిగా అడ్డుపడ్డాను. ఆ కూలీల్లో ఎక్కువమంది హిందువులు, ఇద్దరు ముగ్గురు ముస్లింలు. కూలి ఇచ్చేవాడు కళ్ళు మూసుకోమంటే వాళ్ళు మూసుకుంటారు. అది వాళ్ళ ప్రార్థన కాదు, రేపటి పని కోసం భయం. క్లౌ దొర బాప్తిస్మాలు ఎందుకు ఆపాడో గుర్తుచేశాను, వెంటనే అర్థమైంది. ఇప్పుడు బండి మీదే రెండు నిమిషాలు ఒంటరిగా, ఆ రోజు పనిలో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పుకుంటాడు. రాత్రి భార్యతో చేసే ప్రార్థనలోకి కూడా ఆ పేర్లు వచ్చాయి. మొదట్లో సాగని పద్ధతి, లెక్కల పుస్తకం తర్వాత సాగింది. దీన్ని గమనించమని తోటి కౌన్సెలర్లకి చెప్తున్నాను. ఒక పద్ధతి పనిచేయకపోతే అది తప్పు పద్ధతి కానక్కర్లేదు, దానికి వేళ రాకపోయి ఉండొచ్చు.

సైటులో నోటి దురుసు మాత్రం అంత త్వరగా తగ్గలేదు. స్లాబు వేసే రోజు ఇప్పటికీ పాత మాటలు వస్తాయట. సాయంత్రం వెళ్ళి ఆ మనిషితో మాట్లాడతాడు. తిట్టడం ఆగలేదు గానీ, తిట్టి వదిలేయడం ఆగింది.

ఫలించనిది

ఆ పాత మేస్త్రిని వెతుక్కుంటూ ఉత్తరాంధ్రలో ఆయన ఊరికి వెళ్ళి బాకీ మొత్తం ఇచ్చాడు. ఆయన లెక్కపెట్టుకుని తీసుకున్నాడు. భోజనానికి ఉండమనలేదు, మళ్ళీ పనికి రాలేదు. తిరిగొచ్చాక ఈయన చాలా కుంగిపోయాడు. "నేను చేయాల్సింది చేశాను కదండీ" అన్నాడు. ఆ వాక్యాన్ని వదల్లేదు నేను. బాకీ తీర్చడం ఆయన వంతు. క్షమించడం ఆ మేస్త్రి సొంతం, డబ్బుతో పాటు అది కూడా చేతిలో పెట్టాలని ఆశిస్తే ఇచ్చింది బాకీ కాదు, బేరం. ఇది ఆయనకి నచ్చలేదు. కొన్ని వారాలు రాలేదు కూడా. వచ్చాక ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు, కానీ మేస్త్రి పిల్లాడి చదువుకి డబ్బు పంపుదామన్న ఆలోచన తనే విరమించుకున్నాడు.

ఇప్పుడు

మందులు డాక్టరు సలహాతో తగ్గించి ఆపారు. షుగరుకి వాడుతున్నాడు. నిద్ర మెరుగైంది. స్లాబు అంచున వచ్చే ఆలోచన గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతాను, రావడం లేదంటున్నాడు. ఆయన మాట ఒక్కటే కాకుండా భార్య నుంచి కూడా వినాలని, ఆమెతో విడిగా మాట్లాడే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. "ఇంట్లో ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు, వాడితోనూ గొడవలున్నాయి" అంది ఈమధ్య.

సేవ పిలుపు సంగతి మూసేయలేదు. అప్పులన్నీ తీరాక, వెనకనుంచి ఏదీ తరమనప్పుడు కూడా ఆ కోరిక ఉంటే అప్పుడు కూర్చుని చూద్దామని అనుకున్నాం. ఉంటుందనే అంటున్నాడు. ఉండొచ్చు. ఇలాంటివాళ్ళు సైటు సరిచేసుకున్నాక సేవకి వెళ్తే మంచి సేవకులవుతారని నా అనుభవం. సరిచేసుకోకుండా వెళ్ళినవాళ్ళు సంఘాన్నే ఇంకో సైటు చేస్తారు.

ప్రస్తుతం మా మధ్య నలుగుతున్న విషయం ప్లాన్ అప్రూవల్. పర్సెంటేజీలు ఇవ్వాల్సి వస్తుందని ప్రభుత్వ పనులు మానేశాడు, ఆదాయం బాగా తగ్గింది. ప్రైవేటు ఇళ్ళకి కూడా కాయితం కదలాలంటే ఎక్కడో ఒకచోట చెయ్యి తడపాలి. ఇంటి యజమాని "అది నేను చూసుకుంటాలే, నీకెందుకు" అంటాడు. తన చేత్తో ఇవ్వకపోతే చాలా, తెలిసీ ఆ ఇల్లు కట్టడం కూడా తప్పేనా, కట్టకపోతే శనివారం బట్వాడా ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్న రాసుకుని వచ్చాడు పోయినసారి. ఆన్‌లైన్ అనుమతులు ఎంతవరకు పనికొస్తాయో, ఆలస్యమైతే యజమానులు ఎంతమంది ఆగుతారో కనుక్కుంటున్నాడు. ఒక యజమాని ఆగుతానన్నాడు, ఒకరు వేరే కాంట్రాక్టరుని చూసుకున్నారు.